ఫైలు మీద ‘కాన్ఫిడెన్షియల్’ ముద్ర ఉంటే ఇవ్వరా?

ప్రశ్న: మాది హైదరాబాద్, నాగోలు. మా కాలనీ పక్కన నాలా కబ్జాపై అధికారులు విచారణ చేసి రిపోర్టు ఇచ్చారు. కాపీ కోసం ఆర్టీఐ దరఖాస్తు పెడితే, ‘అది కాన్ఫిడెన్షియల్, ఇవ్వడం కుదరదు’ అని ఒక్క ముక్కలో జవాబు వచ్చింది. ఇక వదిలేసుకోవాల్సిందేనా?

జవాబు: వదిలేయకండి. ఆ జవాబు చట్టం ముందు నిలవదు.

అట్ట మీద ముద్ర ఉంటే చాలు, ఇవ్వనక్కర్లేదని సమాచార హక్కు చట్టం, 2005 ఎక్కడా చెప్పలేదు. ఏవి ఇవ్వనక్కర్లేదో సెక్షన్ 8(1)లో క్లాజుల వారీగా ఉంది: దేశ భద్రత, వ్యాపార రహస్యాలు, దర్యాప్తుకు అడ్డుపడే సమాచారం వంటివి. కాదనే అధికారి ఏ క్లాజు కిందకు వస్తుందో, ఎందుకు వస్తుందో, ఎవరికి ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవాలో కూడా రాసి తీరాలి. ఇది సెక్షన్ 7(8). మీ జవాబులో వీటిలో ఒక్కటీ లేదు.

1923 నాటి అధికార రహస్యాల చట్టాన్ని చూపించినా భయపడొద్దు. దాచడం వల్ల కాపాడేదాని కన్నా ప్రజాహితం ఎక్కువైతే, ఆ చట్టం ఉన్నా సమాచారం ఇవ్వవచ్చని సెక్షన్ 8(2) అంటోంది. రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలు పత్రాలు రహస్యం, కోర్టు వాటిని చూడకూడదన్న కేంద్రం అభ్యంతరాన్ని 2019 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు తోసిపుచ్చినప్పుడు ఈ సెక్షన్‌నూ ప్రస్తావించింది. వానొస్తే ఇళ్లలోకి నీళ్లొచ్చే కాలనీకి నాలా రిపోర్టు కన్నా పెద్ద ప్రజాహితం ఏముంటుంది?

అప్పీలులో వాళ్లు ‘విచారణ ఇంకా నడుస్తోంది’ అని మాట మార్చవచ్చు. విచారణ నడుస్తోందన్న ఒక్క కారణం చాలదు, కాగితం బయటకొస్తే దానికి ఎలా అడ్డమో చూపించాలని 2007లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. వ్యక్తుల వివరాలున్నాయంటే, సెక్షన్ 10 ప్రకారం ఆ వరుసల మీద నల్ల గీత కొట్టి మిగతాది ఇమ్మనండి.

జవాబు అందిన 30 రోజుల్లో అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. నిరాకరణ సరైనదేనని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే, మీరు కాదు. ఆ మాట, సెక్షన్ 19(5) నంబరుతో సహా అప్పీలులో రాయండి. 30 రోజుల్లో, మహా అయితే 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాదంటే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఆఫీసు మోజంజాహి మార్కెట్ దగ్గర, సమాచార హక్కు భవన్‌లో ఉంది.

ఈలోపు ‘ఫైలు తనిఖీ’ కోరుతూ ఇంకో దరఖాస్తు పెట్టండి. కాపీ ఒక్కటే కాదు, రికార్డును కళ్లారా చూసే హక్కూ మీకుంది. ఒకసారి క్లయింటుతో వెళ్లి ఇలాంటి ఫైలే విప్పించాను. అట్ట మీద ఎర్ర ముద్ర, లోపల నాలుగు సర్వే స్కెచ్‌లు, వెడల్పు కొలతలు, ఒక పంచనామా. దాచాల్సింది అందులో ఏమీ లేదు. ఆ కొలతలతోనే మా కేసు నిలబడింది.

అన్నట్టు, జవాబు వచ్చిన కవరు పారేయకండి. 30 రోజుల లెక్కపై గొడవొస్తే దాని మీది పోస్టు ముద్రే మీకు ఆధారం.