షుగర్ ఉన్న మామగారికి డబల్ కా మీఠా

ప్రశ్న: వచ్చే నెల మా మామగారి 70వ పుట్టినరోజు. ఆయనకు షుగర్ ఉంది, డబల్ కా మీఠా అంటే ప్రాణం. అది పెట్టలేక, చక్కెర బదులు బెల్లం, మైదా బదులు గోధుమపిండి, వెన్న బదులు అరటిపండు వేసి ఒక కేక్ చేసి చూశాను. గట్టిగా, జిగటగా వచ్చింది. ఎవరూ తినలేదు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: అమ్మా, ముందు బెల్లం సంగతి. మా వారికి షుగర్ వచ్చిన కొత్తలో నేనూ బెల్లం కేకే చేశాను. ‘బెల్లమే కదా’ అని ఆయన మూడు ముక్కలు తిన్నారు. మర్నాడు పొద్దున గ్లూకోమీటర్‌లో అంకె చూసి నాకు కాళ్లు చేతులు ఆడలేదు. బెల్లంలో ఉన్నదీ ఎక్కువ భాగం చక్కెరే. ఖర్జూరం, తేనె కూడా రక్తంలో షుగర్‌ని పెంచేవే.

మీ కేక్ పాడవడానికి కారణం మూడూ ఒకేసారి మార్చడం. చక్కెర తీపి కోసమే కాదు, కేక్‌లో తడిని పట్టి ఉంచుతుంది. వెన్న పిండిని సాగకుండా గుల్లగా ఉంచుతుంది. గోధుమపిండిలోని పొట్టు నీళ్లు తాగేస్తుంది. ఈసారి మైదా సగం, గోధుమపిండి సగం తీసుకోండి. గోధుమపిండిని ముందే 20 నిమిషాలు పెరుగులో నాననివ్వండి. చక్కెర పావు వంతు మాత్రమే తగ్గించండి, వెన్న సగం ఉంచండి.

అయినా పుట్టినరోజుకి కేక్ ఎందుకు? ఆయనకి ఇష్టమైన డబల్ కా మీఠానే చేయండి. మన హైదరాబాద్ పెళ్లిళ్లలో దానికోసం బ్రెడ్‌ని నేతిలో వేయిస్తారు, అది స్పాంజిలా నెయ్యి పీల్చేస్తుంది. మీరు ఓవెన్‌లో చేయండి. 8 ముక్కలకి రెండు వైపులా కలిపి నాలుగు చెంచాల నెయ్యి బ్రష్‌తో పూసి, 160 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు పెట్టండి. మధ్యలో ఒకసారి తిప్పండి. లోపలిదాకా రస్కులా కరకరలాడాలి, లేకపోతే పాలు పోయగానే ముద్దయిపోతుంది. ఇక్కడ తొందరపడొద్దు. లీటరు టోన్డ్ పాలని సగమయ్యేదాకా మరిగించండి. కోవా, కండెన్స్‌డ్ మిల్క్ అక్కర్లేదు, పాలు చిక్కబడేకొద్దీ వాటి తీపి వాటికే వస్తుంది. 60 గ్రాముల చక్కెరతో పల్చటి పాకం పట్టి, యాలకుల పొడి, కుంకుమపువ్వు వేసి, ముక్కలు అందులో ముంచి గిన్నెలో పేర్చండి. పైన పాలు పోసి, బాదం పలుకులు చల్లి, 180 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచితే అంచులు ఎర్రబడి ఇల్లంతా వాసన వస్తుంది.

పాకం చక్కెర ఒక్కో ముక్కకి ఏడెనిమిది గ్రాములు పడుతుంది. కానీ బ్రెడ్ కూడా పిండిపదార్థమే, పాలలోనూ చక్కెర ఉంటుంది. అందుకని మామగారికి ఒక్క ముక్కే, అదీ భోజనంలో అన్నం తగ్గించి పెట్టండి. ఆయన ఇన్సులిన్ తీసుకుంటుంటే ముందే డాక్టర్‌ని ఒక మాట అడగండి. ఆయన ముక్క వేరే చిన్న గిన్నెలో పేర్చి ఇవ్వండి. అందరి ముందూ ‘మీకు ఇంతే’ అనిపించుకోవడం ఆ వయసులో కష్టంగా ఉంటుంది.

ఈ ఆదివారం నాలుగు ముక్కలతో ఒకసారి చేసి చూసుకోండి. మీ ఓవెన్ వేడి ఎంతో అప్పుడే తెలుస్తుంది.