ఎవరికి రాలేదో కూడా అడుగు

విశాఖపట్నం

అమ్మలూ,

మీ కొండవాలు వీధిలో రెండు రోజుల్లో 14 మందికి విరేచనాలన్నావు. జిల్లాలో అంటువ్యాధుల మీద నిఘా వేసే ఐడీఎస్పీ వాళ్లకు ఇవాళే చెప్పు. అంతా తేలాక చెబుదామనుకుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ముందు కేసంటే ఏమిటో తేల్చుకో. 24 గంటల్లో మూడుసార్లు, ఆపైన నీళ్లలా వెళ్తేనే రాయి. లేదంటే కడుపుబ్బరం వాళ్లు కూడా నీ పుస్తకంలో చేరతారు. మనిషికో వరస: వయసు, తాగే నీళ్లు, బయట తిన్నవి, మొదటి విరేచనం ఎప్పుడు. 'మొన్న' అంటే వదలకు. "కొళాయి వచ్చే ముందా, తర్వాతా?" అంటే గంటతో సహా చెబుతారు.

ఆ గంటలు రాసుకోకే నేనొకసారి బోల్తా పడ్డాను. వీధంతా అన్నసమారాధన పులిహోర మీద తోసేస్తే నమ్మేసి, రెండు రోజులు వంటాయన్ని పీక్కుతిన్నాను. పాపం, ఇప్పటికీ ఆయన ఎదురైతే తల దించుకుంటాను. ఒక్కపూట తిండి వల్లయితే కేసులు గుప్పున లేచి తగ్గిపోవాలి. అక్కడ రోజూ కొత్తవి వస్తూనే ఉన్నాయి.

వీధి మధ్యలో ఒకింట్లో మాత్రం ఏడుగురూ నిక్షేపంగా ఉన్నారు. వాళ్లూ పులిహోర తిన్నారు. మీకేం కాలేదేమంటే, "మా కొళాయి పాడై నెలయిందమ్మా, ట్యాంకరు నీళ్లే దిక్కు" అని ముసలావిడ నా మీదే విసుక్కుంది.

అప్పుడు పైపు వెంట నడిచాను. మురుగు పారే గెడ్డలో మునిగినచోట జాయింటుకు సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. సరఫరా ఉన్నంతసేపూ నీళ్లు బయటికి చిమ్మేవి. ఆగాక పైపే మురుగును లోపలికి పీల్చేది. మోటార్లు బిగించిన ఇళ్లు మరీ లాగేవి.

నీళ్లలో క్లోరిన్ ఎంతుందో ట్యాంకు దగ్గర కాదు, చిట్టచివరి కొళాయి దగ్గర చూడు. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా లేకపోతే ఆ దారిలోనే ఏదో ఉంది. మలం నమూనా యాంటీబయాటిక్ వేయకముందే తీసి, దారిలో క్రిములు చావకుండా కాపాడే కారీ బ్లెయిర్ మాధ్యమంలో ల్యాబుకు పంపు.

రిపోర్టు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకు. కాచిన నీళ్లు, ఓఆర్‌ఎస్ అందరికీ చెప్పు. పిల్లలకు 14 రోజులు జింకు. కళ్లు లోతుకుపోయి మగతగా ఉన్నవాళ్లను వెంటనే పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి పంపించు.

రేపు రాత్రి ఫోన్ చెయ్యి. ఎన్ని కేసులో తర్వాత, ఏయే ఇళ్లలో ఒక్కరికీ రాలేదో ముందు చెప్పు.

మీ పెద్దమ్మ