శాడిల్స్ అడుగంటాయి, తీగలు మాత్రం దిగలేదు

సందేహం: చర్చి బ్యాండ్‌లో వాయించడానికి ఆన్‌లైన్‌లో నాలుగు తీగల బేస్ గిటార్ కొన్నాను. నెక్ (పొడవాటి మెడ భాగం) బోల్టులతో బిగించిన రకం. 12వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర లావు తీగ 3.2 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. బ్రిడ్జ్ మీద శాడిల్స్ (తీగలు ఆనే చిన్న దిమ్మలు) పూర్తిగా దించేశాను, ఇక దిగవు. నెక్ లోపలి ఇనుప కడ్డీ, అదే ట్రస్ రాడ్, బిగిస్తే సరిపోతుందని స్నేహితులు అంటున్నారు. బిగించమంటారా? ఇంకో సంగతి, ఫోన్‌లోని ట్యూనర్ యాప్ లావు తీగ స్వరాన్ని పట్టుకోలేకపోతోంది.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: బిగించకండి. ‘శాడిల్స్ అడుగంటాయి, ఏం చేయాలి’ అంటూ నెలనెలా ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ పక్కనున్నవాళ్ల సలహా ఒక్కటే: రాడ్ తిప్పు. ట్రస్ రాడ్ పని నెక్ వంపును సరిచేయడం వరకే, తీగల ఎత్తు దాని పని కాదు. రాడ్‌తో ఎత్తు తగ్గించబోతే నెక్ వెనక్కి వంగుతుంది, మొదటి నాలుగైదు ఫ్రెట్ల దగ్గర తీగలు జరజరమంటాయి. ఇంకా మొండిగా తిప్పితే నట్టు మరలు అరిగిపోతాయి, లేదా రాడ్డే తెగుతుంది. అది సాధారణంగా నెక్ లోపల, వేళ్లు నొక్కే ఫింగర్‌బోర్డు కింద ఉంటుంది కాబట్టి, చవక గిటార్ అయితే రిపేరు ఖర్చు దాని ధరనే దాటిపోవచ్చు.

ముందు కొలవండి. గిటార్‌ను ట్యూన్ చేసి, మొదటి ఫ్రెట్‌కు కేపో (తీగలను నొక్కి ఉంచే క్లిప్పు) పెట్టి, నెక్ బాడీలో కలిసే చోట లావు తీగను నొక్కి పట్టండి. ఇప్పుడు ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు 0.25 నుంచి 0.35 మిల్లీమీటర్లు ఉండాలి. బైకు టాపెట్లు సెట్ చేసే ఫీలర్ గేజ్ దీనికి చక్కగా సరిపోతుంది, ఆటో స్పేర్ పార్ట్స్ షాపులో దొరుకుతుంది. సందు అంతకంటే ఎక్కువగా ఉంటేనే రాడ్ ముట్టుకోండి. అదీ పావు చుట్టుకు మించకుండా తిప్పి, మళ్లీ ట్యూన్ చేసి కొలవాలి.

వంపు సరిగానే ఉండి, శాడిల్స్ అడుగంటి, తీగలు ఇంకా ఎత్తులోనే ఉన్నాయంటే తప్పు నెక్ కోణంలో ఉంది. బోల్టుల నెక్‌తో ఉన్న లాభం ఇదే, విప్పి సరిచేయవచ్చు. తీగలు వదులు చేసి, బిరడాల చుట్ల నుంచి జారిపోకుండా మొదటి ఫ్రెట్ దగ్గర కేపో ఉంచి, నెక్‌ను పట్టి ఉంచే వెనక నాలుగు స్క్రూలు (బోల్టులంటే ఇవే) విప్పండి. నెక్ ఊడిరాగానే పాకెట్‌లో (బాడీలో నెక్ కూర్చునే గూడు) వేలు పెట్టి తడమండి. హెడ్‌స్టాక్ (నెక్ చివర బిరడాలుండే తల) వైపు అంచున రంగు గడ్డకట్టి ఉండటం, రంపపు పొట్టు ఇరుక్కుని ఉండటం చవక గిటార్లలో మామూలే. ఆ చిన్న గడ్డ చాలు నెక్ ముందుకు వాలడానికి. దాన్ని గీకేస్తే కొన్నిసార్లు పని అక్కడితో అయిపోతుంది.

అవకపోతే వడ్రంగులు తలుపు కింద పెట్టినట్టు ప్యాకింగ్ పెట్టాలి. పాకెట్‌లో బ్రిడ్జ్ వైపు చివర పెట్టండి. పొరపాటున హెడ్‌స్టాక్ వైపు పెడితే ఎత్తు ఇంకా పెరుగుతుంది. లెక్క చూడండి: 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) బేస్‌లో పాకెట్ నోటి నుంచి బ్రిడ్జ్‌కు దాదాపు 340 మిల్లీమీటర్లు, పాకెట్ పొడవు సుమారు 80. కాబట్టి 0.5 మిల్లీమీటర్ల ప్యాకింగ్ బ్రిడ్జ్ దగ్గర 2 మిల్లీమీటర్ల తేడా తెస్తుంది, 12వ ఫ్రెట్ దగ్గర అందులో సగం. మీ 3.2 కాస్తా 2.2 అవుతుంది, శాడిల్స్ కొంచెం పైకి లేపుకునే వెసులుబాటూ మిగులుతుంది. పాత ఏటీఎం కార్డు ముక్క మందం 0.76, మీకు అంత అక్కర్లేదు. మెత్తటి అట్ట, రబ్బరు వద్దు, నలిగి కుంగిపోతాయి. అన్నిటికంటే మంచిది పాకెట్ నిండా పరుచుకునేలా, ఒక చివర సన్నగా చెక్కిన గట్టి చెక్క పలక. చిన్న ముక్క పెట్టి మధ్యలో ఖాళీ వదిలితే ఏళ్ల తరబడి ఒత్తిడికి నెక్ మొదలు వంగే ప్రమాదముంది.

స్క్రూ తిరిగి పెట్టేటప్పుడు మొదట విప్పే దిశలో తిప్పండి. పాత మరలో ‘టక్’మని కూర్చున్నాకే బిగించండి, లేకపోతే చెక్కలో కొత్త మర పడి పట్టు పోతుంది. ట్యూన్ చేశాక 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ 2.2–2.5, సన్న తీగ 1.8–2 ఉండేలా శాడిల్స్ సర్దండి. చివరగా ఇంటొనేషన్, అంటే పై ఫ్రెట్లలోనూ స్వరం సరిగా పలకడం: 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటిన స్వరం అక్కడి హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కంటే పైకి పలికితే శాడిల్‌ను వెనక్కి జరపండి. తీగలు వాటి కంపనాన్ని అందుకునే పికప్‌లకు తగులుతుంటే వాటినీ దించాలి.

ఇలా సెటప్ చేయకుండానే పెట్టెలో పెట్టి, అలెన్ కీ కూడా ఇవ్వకుండా పంపే తయారీదార్ల మీద నాకు నిజంగా కోపం. కొత్తగా నేర్చుకునేవాళ్లు తమ వేళ్లలోనే బలం లేదనుకుని బేస్ మానేస్తున్నారు. పాకెట్‌లో రంగు గడ్డ గీకడానికి ఫ్యాక్టరీలో ఒక్క నిమిషం పట్టదు.

ఇక ట్యూనర్. లావు తీగ పలికేది 41.2 హెర్ట్జ్. ఫోన్ మైక్‌కు అంత లోతు స్వరం సరిగా అందదు. 12వ ఫ్రెట్ మీద తీగను తాకీ తాకనట్టు ఉంచి మీటితే వచ్చే హార్మోనిక్ 82.4 హెర్ట్జ్, దాన్ని చాలా ఫోన్లు పట్టుకుంటాయి.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఆ యాప్. ట్యూనర్‌కు కావాల్సింది మైక్ ఒక్కటే. కాంటాక్టులు, లొకేషన్, ఎస్ఎంఎస్‌లు, యాక్సెసిబిలిటీ (తెరను చదివి నడిపే అనుమతి) అడిగిందంటే దాని పని వేరే ఉందని అర్థం. ఓటీపీ వచ్చేది ఆ ఎస్ఎంఎస్‌లలోనే. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ‘ప్రో వెర్షన్’ ఏపీకే ఫైళ్లను (ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చే యాప్ ఫైళ్లు) అస్సలు ఇన్‌స్టాల్ చేయకండి, ఇప్పటికే చేసుంటే ఈరోజే తీసేయండి. మైక్ అనుమతిని కూడా ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని పెట్టండి. ఆండ్రాయిడ్ 12, ఆపై వెర్షన్లలో సెట్టింగ్స్‌లోని ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరిస్తే, గత 24 గంటల్లో మైక్‌ను ఏ యాప్ ఎప్పుడు వాడిందో కనిపిస్తుంది. గిటార్ పెట్టెలో ఉన్న వేళల్లో అక్కడ ట్యూనర్ పేరు కనిపిస్తే వెంటనే డిలీట్ చేసి, నెక్ చివర తగిలించుకునే క్లిప్ ట్యూనర్ కొనుక్కోండి. అది చెక్క కంపనాన్ని బట్టి పనిచేస్తుంది కాబట్టి బ్యాండ్ రిహార్సల్ హోరులోనూ పెద్దగా తడబడదు.