80 దాటితే డోర్ దగ్గర ఈల: రబ్బరు మార్చే ముందు తలుపు ఎలా కూర్చుందో చూడండి

డెంట్ తీయించడానికి డ్రైవర్ వైపు డోర్ విప్పి మళ్లీ బిగించారని, అప్పటి నుంచి వేగం 80 దాటగానే చెవి పక్కన ఈల వేసినట్టు చప్పుడు వస్తోందని, బీడింగ్ రబ్బరు మార్చేస్తే పోతుందని మెకానిక్ అంటున్నాడని రాశారు. ఆ రబ్బరు ఇప్పుడే కొనకండి. నాకూ అచ్చం ఇదే జరిగింది. రెండుసార్లు రబ్బరు మార్పించాను, ఈల మాత్రం పోలేదు. చివరికి చూస్తే తప్పు రబ్బరుది కాదు, తలుపు కూర్చున్న తీరుది. పైన వెనక మూల దాదాపు 3 మిల్లీమీటర్లు బయటికి తేలి ఉంది.

డోర్ చుట్టూ ఉండే రబ్బరు లోపల బోలుగా, గొట్టంలా ఉంటుంది. తలుపు మూసినప్పుడు అది నలిగి సందును మూస్తుంది. తలుపే దూరంగా ఆగిపోతే ఎంత కొత్త రబ్బరైనా నలగదు, ఊరికే ఆనుకుని ఉంటుంది. ఆగి ఉన్న కారులో ఆ కాస్త ఆనడం సరిపోయినట్టే కనిపిస్తుంది. వేగం పెరిగాక లెక్క మారుతుంది. ముందు అద్దం పక్కనున్న పిల్లర్‌ను చుట్టుకుని వచ్చే గాలి, పక్క అద్దం మీదుగా ఇంకా వేగంగా పరిగెడుతుంది. దాంతో బయట ఒత్తిడి తగ్గి, డోర్ పైభాగం బయటికి లాగబడుతుంది. 50లో ఉన్న లాగుడు 100కి వచ్చేసరికి నాలుగు రెట్లవుతుంది. అందుకే 60లో ఏమీ వినపడదు, 80 దాటాక ఒక్కసారిగా మొదలవుతుంది.

ముందు అది గాలి చప్పుడేనని ఖాయం చేసుకోండి. రోడ్డు గరుకు మారినప్పుడు చప్పుడు మారితే అది టైర్లది. పక్కగాలి కొట్టినప్పుడో, లారీ పక్కన వెళ్తున్నప్పుడో మారితే గాలిదే.

తర్వాత మాస్కింగ్ టేప్ తీసుకోండి. డోర్ చుట్టూ ఉన్న సందు మొత్తం, సైడ్ మిర్రర్ డోర్‌కి అతుక్కున్న చోటు, అద్దం అంచులు, అన్నీ బయట నుంచి టేప్‌తో మూసేసి, అవతలి డోర్ నుంచి ఎక్కి, ఖాళీ రోడ్డు మీద అదే వేగంలో వెళ్లండి. చప్పుడు పోయిందంటే దారి ఈ డోర్‌లోనే ఉంది. ఇక ఒక్కో ముక్క తీసేస్తూ మళ్లీ మళ్లీ వెళ్లి చూడాలి. ఓపిక కావాలి కానీ, దీనికి మించిన పరీక్ష నాకు తెలియదు. నేను ముందు వైపు టేప్ తీశాను, నిశ్శబ్దమే. మిర్రర్ దగ్గర తీశాను, నిశ్శబ్దమే. పైన వెనక మూలలో జానెడు ముక్క తీయగానే ఈల మళ్లీ మొదలైంది. అన్నాళ్లూ మిర్రర్ దగ్గర నుంచే వస్తోందని నమ్మాను. గాలి చప్పుడు విషయంలో చెవి చెప్పే చోటును నమ్మలేం.

చోటు దొరికాక కాగితం ముక్కతో సరిచూడండి. సన్నటి కాగితం రబ్బరు మీద పెట్టి తలుపు మూసి, మెల్లగా లాగండి. డోర్ చుట్టూ అరచెయ్యి దూరానికొకసారి ఇలా చేయాలి. బాగున్న చోట కాగితం గట్టిగా పట్టుకుని, చిరుగుతుందేమో అనిపిస్తుంది. నా కారులో ఆ మూల దగ్గర మాత్రం కవరులోంచి ఉత్తరం జారినట్టు జారి వచ్చేసింది. ఇంకో గుర్తు కూడా ఉంటుంది. గాలి దూరే చోట రబ్బరు మీద సన్నటి దుమ్ము చార పడుతుంది. తుడిచేయకముందే చూడండి.

ఇప్పుడు రేకుల వరస చూడాలి. ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) నుంచి ముందు డోర్ మీదికి, అక్కడి నుంచి వెనక డోర్ మీదికి వేలు జార్చండి. రెండూ సమంగా ఉండాలి. తేడా ఉంటే వెనక ఉన్న రేకు వెంట్రుకవాసి లోపలికి ఉండొచ్చు గానీ బయటికి పొడుచుకు రాకూడదు. వస్తే గాలి ఆ అంచుకే కొట్టుకుంటుంది. తలుపు సగం తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. కటుక్కుమని కదిలితే హింజ్ (తలుపును బాడీకి పట్టి ఉంచే బందు) పిన్నులు అరిగినట్టు. అప్పుడు ముందు వాటి సంగతి చూడాలి, మిగతా సర్దుబాటు ఏదీ నిలవదు.

అందరూ మొదట ముట్టుకునేది స్ట్రైకర్‌ని, అంటే డోర్ వెనకున్న పిల్లర్ మీద లాక్ పట్టుకునే కొక్కేన్ని. నేనూ అదే చేశాను. దాని చుట్టూ మార్కర్‌తో గీత గీయకుండా బోల్టు కదపొద్దు. పూర్తిగా విప్పొద్దు కూడా, కొన్ని కార్లలో వెనకున్న పట్టీ పిల్లర్ లోపల పడిపోతుంది. కాస్త వదులు చేసి, 1 మిల్లీమీటర్ లోపలికి జరిపి, బిగించి, తలుపును మెల్లగా మూసి చూడాలి. లాక్ రెండు మెట్లూ పడుతున్నాయో లేదో తప్పకుండా చూసుకోండి. మొదటి మెట్టు దగ్గరే ఆగిన తలుపుతో రోడ్డెక్కడం ప్రమాదం. నా విషయంలో దీంతో ఈల కొంచెం తగ్గింది కానీ తలుపు బలంగా వేస్తే తప్ప పడేది కాదు. మధ్యలో ఎక్కువ బిగుసుకుంది, పైమూల మాత్రం అలాగే ఉంది. స్ట్రైకర్‌ను మళ్లీ పాత గీత దగ్గరికే తెచ్చేశాను. కిందికి వాలిన తలుపును స్ట్రైకర్ పైకి జరిపి మోయించడం ఇంకా తప్పు, లాక్ అరిగిపోతుంది.

అసలు సంగతి హింజ్ దగ్గర కనిపించింది. కింది హింజ్ బోల్టు పక్కన పాత పెయింట్‌లో గుండ్రటి ముద్ర ఉంది, ఫ్యాక్టరీలో బిగించినప్పటిది. ఇప్పుడు బోల్టు ఆ ముద్ర మీద లేదు, ఒక పక్కకు జరిగి, నెలవంకలా కాస్త ఖాళీ వదిలింది. అంటే రిపేరులో తలుపును పాత చోట బిగించలేదన్నమాట. టార్చి వేసి మీ డోర్‌కి ఈ ముద్రలు చూడండి, చాలా ప్రశ్నలకు జవాబు అక్కడే దొరుకుతుంది.

కింద హింజ్ జరిగితే పైన వెనక మూల ఎందుకు తేలుతుందని నాకూ అనుమానం వచ్చింది. తలుపు మూడు చోట్ల నిలబడుతుంది: పై హింజ్, కింది హింజ్, స్ట్రైకర్. పై హింజ్ నుంచి స్ట్రైకర్‌కి ఒక గీత ఉందనుకోండి, తలుపు ఆ గీత మీద తక్కెడలా తూగుతుంది. కింద ముందు మూల లోపలికి పోతే పైన వెనక మూల బయటికి వస్తుంది. నా డోర్ కింద ముందు మూల ఫెండర్ కన్నా లోపలికి కుంగి ఉందని అప్పుడు గమనించాను. అందుకే పైమూలను చేత్తో వంచక్కర్లేదు, ఎదుటి మూలను సరిచేస్తే చాలు.

ఈ పనికి ఇద్దరు కావాలి. తలుపు తెరిచి, కింద జాకీ పెట్టి, మధ్యలో చెక్క, దాని మీద గుడ్డ వేసి బరువు ఆనించాలి. రెండు హింజ్‌లూ ఒకేసారి వదులు చేయొద్దు, తలుపు ఎటు పోతుందో పట్టుకోలేం. కింది దాన్ని మాత్రమే వదులు చేసి, బోల్టును పాత ముద్ర మీదికి తెచ్చి, సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి (ఎంత బలంతో బిగించాలనే కొలతకి) బిగించాం. ఏ బోల్టు తలుపును ఎటు జరుపుతుందో కారును బట్టి మారుతుంది. కొన్నిటికి హింజ్‌లు వెల్డింగ్ చేసే ఉంటాయి, అలాంటివాటిని ఇంట్లో ముట్టుకోవద్దు. ఫ్రేమ్ పైభాగాన్ని మోకాలు ఆనించి వంచేవాళ్లు కూడా ఉన్నారు. హింజ్, స్ట్రైకర్ సరిగా ఉన్నాయని తేలాక కూడా సందు ఉంటేనే అది, అదీ చెయ్యి తిరిగిన టింకర్ చేత, అద్దం పూర్తిగా దించి.

రబ్బరుది నిజంగా తప్పుండే సందర్భాలు లేకపోలేదు. చిరిగినా, గాడిలోంచి ఊడినా, నొక్కితే తిరిగి లేవనంత చదునైపోయినా మార్చాల్సిందే. బాగుంటే సబ్బునీళ్లతో కడిగి, ఆరాక సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు వద్దు, వాటికి ఈ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సందులో ఫోమ్ పట్టీ అంటించమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. చప్పుడు కొన్నాళ్లు తగ్గుతుంది కానీ నీళ్లు పట్టి ఉంచుతుంది, అసలు సందు ఎక్కడుందో కనపడకుండా పోతుంది.

హింజ్ సరిచేశాక అదే కాగితం, అదే మూల: లాగితే చిరిగింది. 100లో వెళ్తూ మామూలు గొంతుతో మాట్లాడుకున్నాం. ఇంకొక్కటి, గాలి దూరిన సందులోంచే వాన నీళ్లూ దూరతాయి కాబట్టి డ్రైవర్ వైపు మ్యాట్ ఎత్తి కింద తడి ఉందేమో చూడండి. డోర్ మొత్తం టేప్‌తో మూసినా ఈల తగ్గకపోతే మాత్రం వేరే చోట వెతకాలి: ముందు అద్దం అంచు పట్టీ, రూఫ్ రెయిల్, వైపర్. టేప్ పరీక్షలో ఏ ముక్క తీసినప్పుడు చప్పుడు వచ్చిందో ఇక్కడ రాయండి, దాన్ని బట్టి ఏ మూల సరిచేయాలో చెప్తాను.