సెర్బియన్‌లో అకో, కద్, ద: ‘-తే’ అనడానికి ఏది ఎప్పుడు?

‘డబ్బుంటే’ అనడానికి సెర్బియన్‌లో అకో, కద్, ద మూడూ కనిపిస్తున్నాయి, ఏది ఎక్కడ వాడాలని అడిగారు.

చిక్కు మన ‘-తే’లోనే ఉంది. ‘డబ్బుంటే కొంటాను’, ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ అంటాం. మొదటి సగం అదే, తేడా చివరి క్రియలో తెలుస్తుంది. సెర్బియన్‌లో మొదటి మాటతోనే తేల్చెయ్యాలి.

నిజంగా జరగొచ్చు అనుకుంటే అకో: ‘అకో బుదెమ్ ఇమావో నోవ్‌త్సా, కుపిచు కుచు’ (డబ్బుంటే ఇల్లు కొంటాను). ఇలాంటి మామూలు షరతులో అకో పక్కన ‘చు, చెష్’ లాంటి భవిష్యత్ రూపాలు పెట్టకండి, అవి రెండో సగానికే. ‘దోజెష్’ (వస్తావు) లాంటి పూర్తయ్యే పనిని చెప్పే క్రియలకు పై వాక్యంలోని సహాయక క్రియ బుదెమ్ కూడా అక్కర్లేదు: ‘అకో దోజెష్, జావి మి’, వస్తే నాకు చెప్పు.

ఊరికే ఊహిస్తుంటే కద్, దాని వెంటనే ఊహను తెలిపే సహాయక క్రియ బిహ్: ‘కద్ బిహ్ ఇమావో నోవ్‌త్సా, కుపియో బిహ్ కుచు’ (డబ్బుంటే ఇల్లు కొనేవాణ్ణి). ఇక్కడ బిహ్ మరిచిపోతే అర్థమే మారిపోతుంది. ‘కద్ ఇమామ్ నోవ్‌త్సా’ అంటే ‘డబ్బున్నప్పుడు’.

డబ్బు లేదని తెలిసే అంటుంటే ద: ‘ద ఇమామ్ నోవ్‌త్సా, కుపియో బిహ్ కుచు’. ‘అప్పట్లో ఉండి ఉంటే’ అయితే ‘ద సమ్ ఇమావో’. చూశారా, కద్, ద రెండింటికీ కుపియో బిహ్ కదల్లేదు. పుస్తకాల్లో గతానికి ‘బియో బిహ్ కుపియో’ కనిపిస్తుంది, మాటల్లో అరుదు, గుర్తుపడితే చాలు.

ఆడవాళ్ళయితే ఇమాలా, కుపిలా అనాలి. కొనేవాణ్ణి, కొనేదాన్ని ఉన్న మనకి ఇది కొత్తేం కాదు.

ఎక్కువమంది తప్పేది బిహ్ చోటు దగ్గర. అది వాక్యాన్ని మొదలుపెట్టలేదు, రెండో స్థానం దానిది. ‘నేను’ అనే యా చేరితే ‘కద్ యా బిహ్ ఇమావో’ తప్పు, ‘కద్ బిహ్ యా ఇమావో’ ఒప్పు. రెండో సగంలోనూ అంతే: ‘కుపియో బిహ్’ లేదా ‘యా బిహ్ కుపియో’. నేను, నువ్వు, అతను/ఆమె, మేము, మీరు, వాళ్ళు వరసలో రూపాలు బిహ్, బి, బి, బిస్మో, బిస్తె, బి. వీధిలో చాలామంది అన్నిటికీ ‘బి’ అనేస్తారు. విని అర్థం చేసుకోండి గానీ పరీక్షలో ‘మేము’కి ‘మి బి’ రాస్తే మార్కు పోతుంది, అక్కడ ‘మి బిస్మో’ రాయాలి.