రఫ్లేసియా చూడ్డానికి పిల్లలతో వెళ్తున్నావుగా

చి.సౌ. సునీతకు పెదనాన్న ఆశీస్సులు.

డిసెంబరు సెలవుల్లో పిల్లలకు రఫ్లేసియా అనే పెద్ద అడవిపువ్వు చూపించడానికి కౌలాలంపూర్ నుంచి కూచింగ్ వెళ్తామన్నావు. బాగుంది. కానీ ఆ పువ్వు పూసే అడవి పార్కు గునుంగ్ గాడింగ్‌కి ఫలానా రోజే అని ఇప్పుడే ఖాయం చేసుకోకు. మొగ్గ ముదరడానికి దాదాపు తొమ్మిది నెలలు పడుతుంది, విచ్చుకున్న పువ్వు నిలిచేది నాలుగైదు రోజులే. ఆ తర్వాత మిగిలేది నల్లటి ముద్ద. అందుకని కూచింగ్‌లో నాలుగు రోజులు బస పెట్టుకుని, రోజూ పొద్దున్నే పార్కు ఆఫీసుకి ఫోన్ చెయ్యి. "పువ్వు ఉందా" అని మాత్రమే అడిగితే చాలదు. ఎప్పుడు విచ్చుకుంది, చెక్కబాట పక్కనుందా లోపలుందా అని కూడా అడుగు. లోపలైతే రేంజర్ని వెంటబెట్టుకోవాలి. మీ అత్తగారిని తీసుకెళ్ళేది చెక్కబాట వరకే.

పార్కు లుండు ఊరి దగ్గరుంది, కూచింగ్ నుంచి రెండు గంటల ప్రయాణం. అది వానల కాలం, మధ్యాహ్నానికి ముసురు పట్టొచ్చు కాబట్టి పెందలాడే బయలుదేరండి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. పల్చటి ప్యాంటు, దాని అంచులు దూర్చుకునేలా పొడవాటి సాక్సులు, పట్టున్న బూట్లు చాలు. మనిషికి లీటరున్నర నీళ్ళు.

జలగ పడితే లాగొద్దు, ఉప్పు, నిప్పు అసలే వద్దు. అలా చేస్తే పుండులోకి కక్కుతుంది. నోటి దగ్గర గోరు దూర్చి పక్కకి జరిపితే ఊడొస్తుంది. రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఎక్కించి ఉంటుంది గనక కాసేపు కారుతుంది. దూది అదిమి ఉంచు, కంగారుపడకు.

అసలు జాగ్రత్త పాదాల దగ్గర. ఈ మొక్కకి ఆకులూ కాండమూ ఉండవు. మన నల్లేరు కుటుంబానికే చెందిన ఒక తీగలో దాక్కుని, దాని సారం పీల్చి బతుకుతుంది. మొగ్గలు నేలమీద గోధుమరంగు క్యాబేజీల్లా ఉంటాయి. ఫోటో కోసం వెనక్కి ఒక్కడుగు వేస్తే తొమ్మిది నెలల మొగ్గ చితికిపోతుంది. పిల్లల్ని ముందు నేలంతా చూడమను, ఆ తర్వాతే నిలబడమను. మొగ్గని నొక్కి చూడనివ్వకు.

పువ్వు దగ్గర తొందరపెట్టకు. అయిదు ఎర్రటి దళాల మీద తెల్లటి మచ్చలు, నడుమ గిన్నె, అందులో ముళ్ళు లేచిన పళ్ళెం కనిపిస్తాయి. ఈగలు వాలుతుంటే చూపించు. కుళ్ళిన మాంసం కంపు వాటిని పిలవడానికే. ఆడ, మగ పూలు వేరు, పుప్పొడి మోసేది ఆ ఈగలే. దగ్గరలో ఆడ, మగ పూలు రెండూ ఒకే సమయంలో విచ్చుకోకపోతే కాయ కట్టదు. అరుదుగా కనిపించడానికి అదొక పెద్ద కారణం.

నాలుగు రోజులూ పువ్వు లేదనే అంటే, అదే పార్కులో మొదటి జలపాతం దాకా నడిపించు. పిల్లలకి అదీ సరదాయే.

మీ పెదనాన్న