ఆఫీసు ఇచ్చే కౌన్సెలింగ్‌కి మొదటిసారి వెళ్తున్నాను.. ఏం చెప్పాలి?

ప్రశ్న: నా వయసు 32. రెండు మూడు నెలలుగా నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండె దడ మొదలవుతుంది. చిన్న మాటకే ఇంట్లోవాళ్ల మీద అరుస్తున్నాను. మా కంపెనీ ఉద్యోగులకు ఉచితంగా కౌన్సెలింగ్ ఏర్పాటు చేసింది. వచ్చే వారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. కానీ నేను చెప్పేవి మేనేజర్‌కి తెలిసిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం మాట్లాడాలో కూడా తోచడం లేదు. ఎలా సిద్ధం కావాలి?

సమాధానం: అపాయింట్‌మెంట్ తీసుకుని మంచి పని చేశారు, దాన్ని వాయిదా వేయకండి. ముందు మీ భయం సంగతి చూద్దాం. అది తీరకపోతే, ఎంత సిద్ధపడి వెళ్లినా అక్కడ నోరు పెగలదు.

చాలా కంపెనీలు ఈ సేవను బయటి సంస్థకు అప్పగిస్తాయి. అలాంటి చోట యాజమాన్యానికి సాధారణంగా వెళ్లేది ఎంతమంది వాడుకున్నారన్న లెక్క మాత్రమే. పేర్లు, మాట్లాడిన విషయాలు వెళ్లవు. అయితే అన్నిచోట్లా ఏర్పాటు ఒకేలా ఉండదు. కౌన్సెలర్ కంపెనీ ఉద్యోగే అయితే, లేదా మిమ్మల్ని మేనేజరే పంపి ఉంటే, మీరు హాజరయ్యారా లేదా అన్నది వాళ్లకు తెలిసే అవకాశం ఉంది. కాబట్టి ఊహించుకుని బాధపడకుండా సెషన్ మొదట్లోనే అడిగేయండి: ‘నేను వచ్చినట్టు మా ఆఫీసులో ఎవరికి తెలుస్తుంది? మీరు రాసుకునే నోట్స్ ఎవరు చూడగలరు? కంపెనీకి ఏం రిపోర్టు ఇస్తారు?’ ఇలా అడిగితే ఏ మంచి కౌన్సెలరూ నొచ్చుకోరు. జవాబు నమ్మకంగా అనిపించేవరకు మీ సొంత విషయాలు చెప్పనక్కర్లేదు.

గోప్యతకు కొన్ని మినహాయింపులు ఉంటాయి. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపించినా, పిల్లలపై హింస బయటపడినా, కోర్టు ఆదేశించినా కౌన్సెలర్ సమాచారం బయటకు చెప్పాల్సి రావచ్చు. అంతమాత్రాన ‘బతకాలనిపించడం లేదు’ అన్న మాటను దాచుకోకండి. ఆ మాట అనగానే ఎవరికో ఫోన్ చేసేయరు. ప్రమాదం ఎంతవరకు ఉందో ముందు మీతోనే మాట్లాడి తెలుసుకుంటారు.

ఇంకో జాగ్రత్త. అపాయింట్‌మెంట్ మెయిల్స్‌కి, వీడియో కాల్‌కి ఆఫీసు ల్యాప్‌టాప్ వాడొద్దు. సొంత ఫోన్, సొంత మెయిల్ వాడండి. ఆఫీసు క్యాలెండర్‌లో ‘పర్సనల్’ అని రాస్తే చాలు.

ఇక ఏం మాట్లాడాలన్నది. చిన్నప్పటి నుంచి జరిగినవన్నీ వరుసగా చెప్పాలేమో అనుకుని చాలామంది హైరానా పడతారు. ఒక్క సంఘటన చాలు. మీ విషయంలో, మొన్నటి ఆదివారం సాయంత్రం గురించే చెప్పండి. దడ ఎన్ని గంటలకు మొదలైంది? అప్పుడు మనసులో ఏ ఆలోచన తిరిగింది? ఏం చేశారు? ఎప్పుడు పడుకున్నారు, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది? ‘చాలా స్ట్రెస్‌గా ఉంది’ అన్న మాట కంటే ఈ వివరాల నుంచి కౌన్సెలర్‌కి ఎక్కువ తెలుస్తుంది. మరిచిపోతానని అనిపిస్తే కాగితం మీద రాసుకుని, చూసి చదవండి. వాడుతున్న మందులు, మద్యం అలవాటు, గతంలో తీసుకున్న చికిత్స కూడా రాసుకోండి.

మొదటి రోజు పీహెచ్‌క్యూ-9, జీఏడీ-7 అనే ప్రశ్నపత్రాలు ఇవ్వొచ్చు. గత రెండు వారాల్లో దిగులు, ఆందోళన ఎంత తరచుగా వచ్చాయో అడుగుతాయి. స్కోరు ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు తేలిపోదు. ఎక్కడ లోతుగా చూడాలో చెప్పడానికే అవి. ఉన్నది ఉన్నట్టు నింపండి.

సెషన్ సాధారణంగా 45 నుంచి 60 నిమిషాలు ఉంటుంది. మొదటిసారి ఎక్కువగా ప్రశ్నలే, బయటకు రాగానే తేలికపడతారని చెప్పలేను. ఏడుపు రావచ్చు, నీరసం అనిపించవచ్చు. వెంటనే మీటింగ్ పెట్టుకోకండి. కంపెనీ ఇచ్చే సెషన్లు చాలాసార్లు కొన్నే ఉంటాయి. ఎన్నో, అవి అయిపోతే తర్వాత ఏంటో ముందే కనుక్కోండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మోయలేనంత పని గురించో, పైఅధికారి వేధింపు గురించో కౌన్సెలర్‌కి చెబితే అది కంపెనీకి ఫిర్యాదు చేసినట్టు కాదు. ఫిర్యాదు చేయాలనుకుంటే దాని దారి వేరు. ఎలా మాట్లాడాలి, దేనికి ఒప్పుకోకూడదు అన్నది తేల్చుకోవడానికి మాత్రం కౌన్సెలింగ్ బాగా పనికొస్తుంది. తప్పు పని పరిస్థితుల్లోనే ఉంటే, మీరొక్కరే మారి సర్దుకుపోవాలని ఎవరన్నా ఒప్పుకోకండి.

ఈలోపు ఒకసారి ఫిజీషియన్‌ని కలవండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా దడ, నిద్రలేమి, చిరాకు వస్తాయి. రక్తహీనత ఉన్నా దడ వస్తుంది. మామూలు రక్తపరీక్షలతో ఈ రెండూ తెలుస్తాయి. దడతో పాటు ఛాతీనొప్పి గానీ, స్పృహ తప్పడం గానీ ఉంటే ఆలస్యం చేయొద్దు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే వచ్చే వారం దాకా ఆగకండి. అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి, ఒంటరిగా ఉండకండి.

రెండు సెషన్లయ్యాక కూడా ఆ కౌన్సెలర్‌తో మనసు విప్పలేకపోతే వేరొకరిని ఇమ్మని అడగండి. మధ్యలో మానేయడం కంటే అది మేలు. మందులు అవసరమనిపిస్తే సైకియాట్రిస్ట్ దగ్గరకు పంపమని కూడా వాళ్లనే అడగొచ్చు.